గుమ్మం గృహానికి ముఖం
పాత ఇంటికి కొత్త సొబగులు దిద్దుకునేవారికి కొన్ని మాటలు

ఇదివరకు పంచాంగం కోసం మా అరుగు మీద కూర్చునే గృహస్థులు అడిగే ప్రశ్నలు మూడే. శంకుస్థాపనకు ఏ రోజు మంచిది? ద్వారబంధం ఎప్పుడు నిలపాలి? గృహప్రవేశం ఏ లగ్నంలో చేయాలి? ఈ పదిహేనేళ్లుగా నాలుగో ప్రశ్న ఒకటి వచ్చి చేరింది. "పంతులుగారూ, తాతలనాటి ఇల్లు. పడగొట్టడానికి మాకు మనసొప్పదు, ఉన్నదున్నట్టు ఉంచడానికి పిల్లలొప్పరు. లోపల మాత్రం అందంగా చేయించుకుందామనుకుంటున్నాం. పాత గుమ్మం తీయవచ్చునా? గడప తొలగిస్తే దోషమా?"

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో, పాత బస్తీలలో మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. ఉద్యోగరీత్యా విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, విదేశాలలోనో స్థిరపడిన సంతానం పండుగకు వచ్చినపుడు ఆ ఇళ్ళకు కొత్త రూపం తేవాలని ఆశిస్తారు. గోడ అడుగున రాతి పట్టీలు, గోడకూ పైకప్పుకూ మధ్య పూలతీగల అంచులు, తలుపుల చుట్టూ నగిషీ చెక్కలు, దేవుని గదికి మెరుగు చట్రాలు, ఇవన్నీ ఇప్పుడు జిల్లా కేంద్రాలలోనే దొరుకుతున్నాయి. గృహాన్ని అలంకరించుకోవాలనుకోవడం దోషం కాదు. అలంకారం కూడా ఆరాధనలో ఒక ఉపచారమే. అయితే దేనిని మార్చవచ్చు, దేనిని కాపాడుకోవాలి, ఎవరికోసం చేస్తున్నాం అన్న మూడు సంగతులు ముందుగా యోచించాలి. నేను ఆ యోచన సకాలంలో చేయలేదు. ఆ కథ కూడా ఇక్కడ మనవి చేస్తాను.

గడపకు గల గౌరవం

మన గృహ్యసూత్రాలలో గడపకు విశిష్ట స్థానం ఉన్నది. మన ప్రాంతంలో అధికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం నూతన వధువు అత్తవారింట కుడిపాదం ముందుగా మోపి ప్రవేశించాలనీ, గడపపై నిలువరాదనీ విధించింది. నేటికీ మన ఇళ్ళలో చిన్నపిల్లలు గడప మీద కూర్చుంటే పెద్దలు మందలించడం వెనుక ఉన్నది ఈ సంప్రదాయమే. భాగవతం సప్తమ స్కంధంలో శ్రీనృసింహస్వామి హిరణ్యకశిపుని సంహరించినది ద్వారం వద్దనే. లోపలా కాని, బయటా కాని చోటు అది. సింహాచలేశుని నీడన బతికే మన ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ ఘట్టం వేరుగా చెప్పనక్కరలేదు.

ద్వారబంధం నిలిపే నాడు గడప కింద నవధాన్యాలు, నాణెం, శక్త్యానుసారం నవరత్నాలు ఉంచి, పైకమ్మికి మామిడి తోరణం కట్టి పూజిస్తాం. ఆ నాటి నుండి ఆ ఇంటి ఇల్లాలు ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యపు పిండితో ముగ్గు తీరుస్తుంది. ద్వారలక్ష్మి అని మనం భావించేది ఆ నిత్యసేవ వలన కలిగిన సాన్నిధ్యాన్ని. కనుక గుమ్మం తీయవచ్చునా అన్న ప్రశ్న వెనుక కేవలం కలప గురించిన చింత లేదు. తరతరాల చేతులు తాకిన వస్తువు అది.

ఇంకొక సంగతి గమనించండి. ఋగ్వేదం 7వ మండలంలో గృహాధిదేవత అయిన వాస్తోష్పతిని ప్రార్థించే సూక్తం ఉన్నది. అందులో ఋషి కోరిన కోరికలలో మొదటి వరుసలో ఉన్నవి రోగం లేకుండటం, ఇంటిలోని రెండు కాళ్ళవారికీ నాలుగు కాళ్ళ పశువులకూ క్షేమం కలగటం. నేను ఆ మంత్రాన్ని ఎన్నో గృహప్రవేశాలలో పఠించాను. దాని అర్థం నాకు పూర్తిగా తెలిసివచ్చినది మాత్రం మా ఇంటిలోనే, ఒక కార్తిక మాసపు తెల్లవారుజామున.

ఆలయం నేర్పే అలంకార పాఠం

అలంకార పట్టీలు, అంచులు పాశ్చాత్యుల వద్ద నుండి వచ్చినవని కొందరు అనుకుంటారు. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగ క్షేత్రానికి వెళ్ళి చూడండి. తూర్పు గాంగుల నాటి కళింగనగరం అదేనని శాసనాధారాలతో నిరూపించడానికి కృషి చేసినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. అక్కడ మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట వెలసినాడని స్థలపురాణం. ఇప్పకు సంస్కృతంలో మధూకమని పేరు. కొయ్యకూ దైవానికీ గల ఆ అనుబంధాన్ని తలచుకుంటూ ఆ ఆలయాల ద్వారాల ముందు నిలబడితే, రాతిలో చెక్కిన తీగలు ఒకదాని పక్కన ఒకటి వరుసలుగా పైకి పాకుతూ కనిపిస్తాయి.

ఆ వరుసలకు శాఖలని పేరు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రాసాద లక్షణాలు చెబుతూ, ద్వారబంధానికి 3, 5, 7 లేదా 9 శాఖలుండటం ప్రశస్తమన్నాడు. నిలువు కమ్మి ఎత్తులో అడుగు నాలుగవ భాగాన ద్వారపాలకులను, మిగిలిన భాగాన శుభప్రదమైన పక్షులను, శ్రీవృక్షాలను, స్వస్తికాలను, పూర్ణఘటాలను, మిథునాలను, ఆకుతీగలను, ప్రమథగణాలను చెక్కమన్నాడు. కళింగ శైలిలో పైకమ్మి నడుమ గజలక్ష్మి, ఆపై గ్రహదేవతల వరుస ఉండటం సంప్రదాయం. మన పాత ఇళ్ళ గుమ్మాలపై కనిపించే లక్ష్మి, ఏనుగులు, చిలుకలు, తామరలు ఈ విధానం నుండే గృహాలకు దిగివచ్చాయి.

గోడల అంచుల విషయమూ అంతే. మయమతం వంటి శిల్పగ్రంథాలు ఆలయ అధిష్ఠానాన్ని ఉపానం, జగతి, కుముదం, కంఠం, పట్టిక అనే వరుసలుగా విభజించి చెప్పాయి. పైన చూరులా ముందుకు వంగి ఉండేది కపోతం. ఈ పేర్లు కంఠస్థం చేసిన చిన్ననాట నాకు ఇవి శోభ కోసమేనని అనిపించేది. వయసు వచ్చిన తరువాత వర్షాకాలంలో ఆలయం చుట్టూ తిరుగుతూ గమనించాను. కపోతం మీద పడిన వాన గోడను తడపకుండా వంపు చివర నుండి కిందికి రాలుతుంది. ఉపానం, జగతి బరువును విశాలంగా నేలపై పరుస్తాయి, నేల తేమకు ముందుగా అవే ఎదురు నిలుస్తాయి. ప్రతి అంచుకూ ఒక పని ఉన్నది. ఆ పని చేయించుకుంటూనే శిల్పి దానికి అందం కూర్చాడు.

ఇంటిలోని పట్టీలను కూడా ఇదే కంటితో చూడాలి. గోడ అడుగున వేసే స్కర్టింగు నేల కడిగిన నీరు గోడకు తగలకుండా కాపాడుతుంది. తలుపు చట్రం చుట్టూ వేసే చెక్కపట్టీ గోడకూ కొయ్యకూ మధ్య ఏర్పడే సందును కప్పుతుంది. కొయ్య రుతువును బట్టి ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది కనుక ఆ సందు తప్పదు. పైకప్పు వద్ద వేసే కార్నిసు అక్కడ సహజంగా వచ్చే సన్నని బీటను కనబడనీయదు. నడుము ఎత్తున గోడకు వేసే అడ్డపట్టీ కుర్చీల రాపిడి నుండి గచ్చును రక్షిస్తుంది. ఏ పనీ లేని అంచును డబ్బు ఖర్చు పెట్టి అతికించితే అది దుమ్ముకూ సాలెగూళ్ళకూ నెలవవుతుంది.

బీదవాని ఇంట కూడా ఈ సౌందర్యదృష్టికి లోటు లేదు. మన పల్లెలలో మట్టిగోడకు పైన సున్నం, అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టీ, దానిపై తెల్లని ముగ్గు వేసేవారు. అది మన స్కర్టింగే. సీతంపేట కొండలలో సవరలు ఎర్రమట్టి గోడలపై బియ్యపు పిండితో తమ దేవతలకూ పితరులకూ చిత్రాలు వ్రాస్తారు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు నుండి వీణను తొలిచే కళాకారుల చేతిపని లోకప్రసిద్ధం. కొయ్యనూ మట్టినీ ఎరిగిన చేతులు మన చుట్టూ ఉన్నాయి. పట్టణం నుండి అచ్చులో పోసిన పూలు తెచ్చే ముందు ఊరి వడ్రంగిని ఒకసారి పిలిచి అడగండి.

మా ఇంటి కథ

మా ఇల్లు వంశధార తీరాన ఒక చిన్న అగ్రహారంలో ఉన్నది. మా తాతగారి కాలంలో కట్టిన పెంకుటిల్లు. వీధి గుమ్మం పైకమ్మి నడుమ గజలక్ష్మి, రెండు వైపులా చిలుకలు. లోపల వసారా నుండి నట్టింటికి, నట్టింటి నుండి దేవుని గదికి, వంటయింటికి, పెరటికి, ప్రతిచోటా బెత్తెడుకు మించిన ఎత్తు గల గడపలు ఉండేవి. కొన్నేళ్ళ క్రితం మా పెద్దమనవరాలి వివాహం నిశ్చయమైనపుడు మా కుమారుడు ఇంటిలోపల మార్పులు చేయిద్దామన్నాడు. గోడలకు పట్టీలు, పైన ఫాల్స్ సీలింగు, నేల అంతా ఒకే మట్టంగా గ్రానైటు, లోపలి గడపలు తొలగింపు.

నేను అంగీకరించలేదు. "గడప లేని గది గది కాదు. నేను ఊరందరికీ శాస్త్రం చెప్పి నా ఇంట దానిని తప్పలేను" అన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. గోడలకు సున్నం వేయించి ఊరుకున్నాడు. వివాహం జరిగిపోయింది.

ఆ మరుసటి కార్తికంలో, తెల్లవారుజామున, తులసికోట వద్ద దీపం పెట్టడానికి మా అమ్మ లేచింది. అప్పటికి ఆమె వయసు 86. కరెంటు లేదు. అరవై ఏళ్ళకు పైగా దాటిన గడపే. ఆ చీకటిలో కాలు తట్టుకుని పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగి, నెల దాటాక వాకరు పట్టుకుని నాలుగడుగులు వేయగలిగింది. వైద్యులు నడవమన్నారు. నడవడానికి ఇల్లు ఒప్పుకోలేదు. వాకరు గడప దాటదు. ఆమె మంచం ఉన్న గదికీ దేవుని గదికీ మధ్య రెండు గడపలు. జీవితమంతా రోజూ దైవాన్ని చూడనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి, పక్క గదిలో నేను హారతి ఇస్తుంటే గంట శబ్దం విని మంచం మీద నుండి చేతులు జోడించేది.

ఒకనాడు నేను నైవేద్యం తీసుకుని వెళ్ళినపుడు, "ఒరే నాయనా, గడప మీద కోపం పెట్టుకోకు. ఎన్నిసార్లు మొక్కానో దానికి. దాని తప్పేమీ లేదు. నాకు స్వామిని ఒక్కసారి చూపించు, చాలు" అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పరిరక్షిస్తున్నానని భావించిన శాస్త్రం నా తల్లిని ఆమె దేవునికి దూరం చేసింది.

మరునాడు నా గ్రంథాలు ముందు వేసుకుని కూర్చున్నాను. ఇంటి ప్రధాన ద్వారానికి గడప విషయంలో చెప్పిన గౌరవం కనిపించింది. లోపలి ప్రతి గదికీ ఎత్తైన గడప ఉండి తీరాలన్న విధి నేను చదివిన సూత్రాలలో నాకు కనబడలేదు. అది ఆచారం. పాములు, తేళ్ళు, వాననీరు లోనికి రాకుండా, చట్రం వంకర పోకుండా పెద్దలు ఏర్పరచుకున్న మంచి ఆచారం. మట్టి నేలల నాడు దానికి కారణం ఉన్నది. వాస్తోష్పతిని రెండు కాళ్ళవారి క్షేమం కోరుతూ ప్రార్థించిన నేను, రెండు కాళ్ళు తడబడుతున్న తల్లి ఉన్న ఇంట ఏది ముఖ్యమో ముందే గ్రహించవలసింది. కుమారునికి కబురు చేశాను.

వాడు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడే మరొక సంగతి నాకు తెలిసింది. పెళ్ళినాటికి ముందే పాత సామాను కొనే వర్తకుడొకడు మా వీధి గుమ్మానికి కొత్త టేకు తలుపు వేయించి, పైగా కొంత సొమ్ము ఇస్తానని వాడితో బేరమాడాడట. "ఆ గుమ్మం ముత్తమ్మమ్మల చేతి పసుపు తాగింది, అమ్మేది కాదు" అని వాడు తిప్పి పంపేశాడట. నాకు చెప్పనైనా లేదు. పిల్లలకు సంప్రదాయం పట్టదని నేను విసుక్కుంటున్న రోజులలోనే వాడు దేనిని నిలుపుకోవాలో నాకన్న స్పష్టంగా ఎరిగి ఉన్నాడు.

లోపలి గడపలన్నీ తీయించాము. తీసే ముందు దీపం వెలిగించి, అంతవరకు సేవించినందుకు క్షమాపణ కోరుకున్నాము. ఆ చోట్ల నేల మట్టానికి సరిగ్గా సరిపోయేలా సన్నని టేకుపట్టీలు పొదిగించాము. వాటికి ఇప్పటికీ పసుపు, ముగ్గు ఉంటాయి, వాకరు చక్రాలు మాత్రం తట్టుకోవు. వీధి గడపను కదపలేదు. దానికి రెండు వైపులా వాలుబల్లలు అమర్చాము. ఇటువంటి వాలుకు సాధారణంగా పాటించే లెక్క, అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు. మా గడప 3 అంగుళాలు, కనుక 3 అడుగుల బల్ల.

మా కుమారుడు కోరిన గోడ పట్టీ కూడా వచ్చింది. అయితే అది కుర్చీల ఎత్తున కాదు. అమ్మ మంచం నుండి దేవుని గది వరకు, ఆమె చేతికి అందే ఎత్తున, గోడకు రెండంగుళాల ఎడంతో, వేళ్ళు చుట్టి పట్టుకోవడానికి వీలైన గుండ్రని టేకు కమ్మి. బరువు ఆనినా ఊడకుండా గోడలోకి గట్టిగా బిగించారు. వడ్రంగి తన ఇష్టంతో రెండు కొనల వద్ద ఆకుతీగ చెక్కాడు. "కమ్మి మధ్యలో చెక్కితే అమ్మగారి చేతికి గుచ్చుకుంటుందండి, అందుకే చివర్లలోనే పెట్టాను బాబూ" అన్నాడు. వరాహమిహిరుడు చెప్పిన పత్రవల్లిని అంత వివేకంగా వాడిన శిల్పిని నేను చూడలేదు.

కొత్త సామగ్రి విషయంలో జాగ్రత్తలు

ఈ పనుల సందర్భంగా నేను తెలుసుకున్న సంగతులు గృహస్థులకు ఉపకరిస్తాయని ఇక్కడ చెబుతున్నాను.

ఇప్పుడు అధికంగా వాడుతున్నది పీఓపీ, అనగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సం రాయిని సుమారు 150 డిగ్రీల వద్ద కాల్చి పొడి చేస్తారు. నీరు కలపగానే అది తిరిగి గట్టిపడుతుంది. పారిస్ నగర సమీపాన జిప్సం గనులు ఉండటం వలన ఆ పేరు వచ్చింది. అచ్చులలో పోస్తే ఎంత సున్నితమైన పూవైనా వస్తుంది. అయితే దానికి నీరే శత్రువు. తడిస్తే మెత్తబడి రాలిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినపుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ రోజులలో పెంకులు లేచిపోయిన ఇళ్ళకు నేను పరామర్శకు వెళ్ళాను. పైన కప్పు కారితే కింద అందంగా వేసిన సీలింగు ముద్దలు ముద్దలుగా ఊడిపడింది. కనుక ముందుగా ఇంటి కప్పు, తరువాత గోడల చెమ్మ, ఆ తరువాత విద్యుత్తు తీగలు, చివరకు అలంకారం. ఈ క్రమం తప్పితే "పైన పటారం లోన లొటారం" అన్న సామెత నిజమవుతుంది.

పాత ఇళ్ళ గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి రాయిగా మారుతుంది, గోడలోని చెమ్మను బయటకు వెళ్ళనిస్తుంది. అటువంటి గోడలకు సిమెంటు పూత గాని, ప్లాస్టిక్ పలకలు గాని కప్పితే చెమ్మ లోపలే నిలిచి గోడ పాడవుతుంది. సున్నపు గోడకు సున్నపు మరమ్మతే మేలు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుప మేకులు త్వరగా తుప్పు పడతాయి. ఇత్తడివి గాని, తుప్పు పట్టని ఉక్కువి గాని మరలు వాడమనండి. పొడి చెక్కను అతికించి చేసే పలకలు నీరు తగిలితే ఉబ్బుతాయి. గోడ అడుగున వాటిని వేయించకండి.

దేవుని గది విషయంలో నాదొక గట్టి విన్నపం. ఈ మధ్య థర్మోకోలు జాతికి చెందిన తేలిక అంచులకు, ప్లాస్టిక్ తోరణాలకు బంగారు రంగు వేసి దేవుని గదికి అమరుస్తున్నారు. థర్మోకోలు జాతి పదార్థం నూరు డిగ్రీల వేడి సమీపించేసరికే మెత్తబడుతుంది, మంట తగిలితే నల్లని పొగ చిమ్ముతూ కాలుతుంది. అఖండదీపం వెలిగే చోట, కర్పూరహారతి ఎత్తే చోట అది ఉండదగినది కాదు. దీపానికి పైనా పక్కనా రాయి, లోహం, సున్నపు గచ్చు వంటి కాలని పదార్థాలు ఉండాలి. కొయ్య మందిరమైతే దీపాన్ని మందిరం వెలుపల, పళ్ళెంలో, తెరలకు దూరంగా ఉంచండి.

పాత తలుపులకు, చట్రాలకు రంగు గీకించేటపుడు మరొక ప్రమాదం పొంచి ఉన్నది. పూర్వపు రంగులలో సీసం ఉండేది. మన దేశంలో గృహాలకు వాడే రంగులలో సీసం పదిలక్షలలో 90 భాగాలకు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు పూతలను పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. తడిపి గీకించండి. పని జరిగే రోజులలో పిల్లలను, గర్భవతులను ఆ ఇంట ఉంచకండి. పెచ్చులను పెరటిలో పారవేయకుండా మూటకట్టి తొలగించండి.

వెలుతురును కూడా మరువరాదు. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినాలు ఉదయకిరణాలు ద్వారాలన్నిటినీ దాటి సూర్యనారాయణస్వామి మూలవిరాట్టును స్పృశిస్తాయి. ఆ దర్శనం కోసం వేలాదిగా వెళతాం. ఇంటికి వచ్చి మాత్రం మండువా పైభాగం మూసివేసి, పగలే దీపాలు వెలిగించుకుంటాం. అలంకారం పేరిట సూర్యుని ఇంటి నుండి వెళ్ళగొట్టకండి.

గుమ్మం మార్చక తప్పనిచో

చెదలు పట్టి, నిలువు కమ్ములు గుల్లబారి, మరమ్మతుకు లొంగని గుమ్మాన్ని మార్చడం దోషం కాదు. ముందుగా అనుభవజ్ఞుడైన వడ్రంగికి చూపించండి. మా గుమ్మం చూసి అతడు, "పైన రంగు చచ్చింది గాని లోపల కర్ర ఉక్కులా ఉందండి పంతులుగారూ" అన్నాడు. చాలా సందర్భాలలో అడుగున జానెడు మేర కోసి, అదే జాతి కలప అతికితే సరిపోతుంది. టేకు, మద్ది, వేగిస వంటి గట్టి కలపతో చేసిన పాత పనితనం నేడు అదే వెలకు దొరకదు.

తీయక తప్పనపుడు శుభదినాన దీపం పెట్టి ప్రార్థించి తీయించండి. కొత్తది నిలిపేటపుడు మొదటిసారి చేసినట్లే పూజ జరపండి. పాతదానిలో చెక్కుచెదరని భాగం ఉంటే, లక్ష్మి ఉన్న పైకమ్మి వంటిది, దేవుని మందిరానికి చట్రంగా అమర్చుకోండి. దానిని పొయ్యిలోకి పంపవద్దు.

అమ్మదలచుకున్నవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన శిల్పకళా వస్తువులు పురావస్తువులుగా పరిగణింపబడతాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరం. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నిషిద్ధం. అలాగే కొనేవారికీ ఒక మాట. నగరాలలో అంగళ్ళలో పాత ద్వారబంధాలు కనిపిస్తే ఎక్కడివో విచారించండి. ఆలయం నుండి వచ్చినదైతే ఇంటికి తేకండి. దేవుని సొత్తు దేవునికే ఉండాలన్నది మా సంప్రదాయం.

ఇక వాస్తు భయం. అంచులు, పట్టీలు, నగిషీలు మార్చినంత మాత్రాన ద్వారాలను అటూ ఇటూ జరపవలసిన పని లేదు. అలా చెప్పి పాత గోడలు పగలగొట్టించేవారి మాట విని బరువు మోసే గోడను తొలిస్తే కప్పే కూలవచ్చు. శాస్త్రం పేరు చెప్పి భయపెట్టేవారి వద్ద ఏ గ్రంథంలో, ఏ అధ్యాయంలో ఉన్నదో వినయంగా అడగండి. నన్ను కూడా అడగండి. మా ఇంట ఎవరూ నన్ను అలా అడగలేదు, అదే మాకు నష్టం చేసింది.

మా అమ్మ ఇప్పుడు ప్రతి ఉదయం కమ్మి పట్టుకుని దేవుని గదికి వస్తుంది. వాకిలి వరకు వెళ్ళగలిగిన శుక్రవారాలలో వాలుబల్లను పక్కకు జరపమంటుంది. కోడలు పసుపు రాస్తుంటే తాను కుర్చీలో కూర్చుని వంగి, వీధి గడపకు నాలుగు కుంకుమ బొట్లు పెడుతుంది. ఆపైన బల్లను మళ్ళీ యథాస్థానంలో వేయిస్తుంది, ఎవరి కాలూ తట్టుకోకూడదని.

మీ ఇంటికి కొత్త సొబగులు దిద్దుకునే ముందు ఆ ఇంటిలోని అతి పెద్దవారిని, అతి చిన్నవారిని వెంటబెట్టుకుని గదులన్నీ ఒకసారి నడవండి. వారి పాదం ఎక్కడ తట్టుకుంటుందో, చేయి ఆసరా కోసం ఎక్కడ చాస్తుందో గమనించి, వడ్రంగికి అక్కడ నుండే పని చెప్పండి. ముహూర్తం కోసం ఆ తరువాత రండి, సంతోషంగా పెట్టి ఇస్తాను.

శుభమస్తు.